లేని పువ్వు వాసన

ఆయన పడిపోతున్నారనుకుని పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకున్నాను. 2010లో చలి మొదలవుతున్న రోజులు. బీజింగ్‌లో స్వర్గ దేవాలయం ఉన్న తోటలో, డెబ్బై రెండు అంకణాల పొడవున సాగే పాత వరండా ఒకటి ఉంది. అక్కడ నీలం కోటు తొడుక్కుని, ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన కాళ్లు ఒకదాని వెనక ఒకటి మెలివేసి, నడుము తిప్పుతూ మెల్లగా కిందికి దిగుతున్నారు. వయసు డెబ్బై అయిదు దాటి ఉంటుంది. మోకాళ్లు వణుకుతున్నాయి. నేను పట్టుకోగానే పక్కన చిన్న తంతివాద్యం వాయిస్తున్నాయన కమాను ఆపేశాడు. చుట్టూ ఉన్న నలుగురూ నన్నే చూశారు. పెద్దాయన మాత్రం విసుక్కోలేదు.

"పువ్వు వాసన చూస్తున్నానమ్మా" అన్నారు.

అప్పటికి నాకు వచ్చిన చైనీస్ కూరగాయల బేరానికి సరిపోయేంతే. అయినా పువ్వు, వాసన అన్న రెండు మాటలు అర్థమయ్యాయి. వరండాలో పువ్వు లేదు. చెట్ల మీద ఆకులే సగం రాలిపోయాయి. ఆయన మళ్లీ నిలబడి, వాద్యం మొదలవగానే మళ్లీ వంగారు. ఈసారి కొంచెం తక్కువగా. కుడిచేతి వేళ్లు ఏదో కాడను ముఖం దగ్గరికి తెచ్చుకున్నట్టు ముడుచుకున్నాయి. కళ్లు సగం మూసుకున్నాయి. గడ్డం నెరిసిన ఆ ముఖంలో ఒక్క క్షణం ఒక ఆడమనిషి కనిపించింది. ఇరవై అయిదేళ్ల ఆడమనిషి, మనసు బాగాలేని ఆడమనిషి. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

మా వారి ఉద్యోగం వల్ల మేము బీజింగ్‌లో మూడేళ్లున్నాం. ఆయన పొద్దున్నే వెళితే చీకటి పడ్డాకే రాక. భాష రాదు, తెలిసిన ముఖం లేదు. ఆ తోటకు నడిచి వెళ్లడం నాకొక ఆసరా అయింది. బీజింగ్‌లో ఉద్యోగాలు విరమించినవాళ్లు పొద్దున్నే తోటల్లోకి వస్తారు. ఒకచోట పేకాట, ఒకచోట అల్లికలు, ఇంకోచోట ఈకల బంతిని కాలితో తన్నే ఆట. పాటలు పాడేవాళ్లు మాత్రం ఆ వరండాకే చేరతారు. ఆ వాద్యాన్ని జింగ్‌హు అంటారని, పెద్దాయన పాడుతున్నది పెకింగ్ ఒపెరా అనే పాత పాటల నాటకంలోని ఆడపాత్ర పాట అని, ఆడపాత్రను 'దాన్' అని, దాన్ని మగవాడు వేస్తే 'నాన్‌దాన్' అని నాకు నెమ్మదిగా తెలిసింది. ఆయన్ని అందరిలాగే నేనూ 'యేయె' అనేదాన్ని. తాతయ్యా అని.

నిజానికి ఆ పిలుపు నా నోట అంత సులువుగా రావడానికి ఇంకో కారణం ఉంది. మాది తెనాలి దగ్గర పల్లె. మా తాతయ్య, ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి నాటకాలు చూసినవాడు. బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాలతో ఆంధ్రదేశమంతా పేరు తెచ్చుకున్న స్థానం వారు, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం వారు, మా ఇంట్లో ఒక మనిషి పేరు కాదు, ఒక కొలబద్ద. ఎవరైనా పమిట సరిగ్గా సర్దుకోకపోతే తాతయ్య "స్థానం వారి సత్యభామను చూసి ఉంటే తెలిసేది" అనేవాడు. మా నాయనమ్మ పమిట కొంగు భుజం మీదికి లాక్కునే తీరు ఆయన్ని చూసి నేర్చుకున్నదేనట. "అప్పట్లో ఆడవాళ్లు లేరా తాతయ్యా?" అని చిన్నప్పుడు అడిగితే, "ఉన్నారమ్మా. కింద చాపల మీద కూర్చుని చూస్తున్నారు" అన్నాడు. ఆ మాటలో ఎంత ఉందో అప్పుడు తెలియలేదు.

అందుకే వరండాలో పెద్దాయన చెయ్యి చూడగానే నాకు పరాయిగా అనిపించలేదు. రోజూ పదింటికి వెళ్లి ఆ చెక్క అరుగు మీద కూర్చునేదాన్ని. ఆయన వేడినీళ్ల ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చేవారు. ఏడాది గడిచేసరికి ఆయన చెప్పేది చాలావరకు అర్థం కాసాగింది. ఎక్కువగా చెప్పింది తన గురించి కాదు. ఆడపాత్రలకు పేరుపడ్డ పెకింగ్ ఒపెరా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ గురించి.

మెయ్ 1894లో బీజింగ్‌లో పుట్టాడు. తాత మెయ్ ఛ్యావ్‌లింగ్ గొప్ప ఆడపాత్రధారి. తండ్రీ ఆ పాత్రలే వేసి చిన్న వయసులోనే పోయాడు. ఇల్లు చితికిపోయింది. ఆ రోజుల్లో నటుల కుటుంబాలంటే లోకానికి చిన్నచూపు. వాళ్ల పిల్లలకు రాజోద్యోగాల పరీక్ష రాసే హక్కు కూడా ఉండేది కాదు. కాబట్టి ఎనిమిదేళ్లకే పిల్లవాణ్ణి అదే విద్యలో పెట్టారు. మొదటి గురువు నాలుగు చరణాలు చెప్పి, ఎన్నిసార్లు చెప్పినా రాకపోవడంతో, ఈ విద్యలో నీకు అన్నం రాసిపెట్టలేదని విసిగి వదిలేశాడట. కనురెప్పలు వాలిపోయి ఉండేవి. చూపు కొంచెం మందం. కళ్లలో కదలిక లేదు. ఆడపాత్రకు కళ్లే ప్రాణం కదా.

తరువాత వచ్చిన గురువు ఊ లింగ్‌శ్యెన్. ఆయన బల్ల మీద పది రాగి నాణేలు పెట్టేవాడు. చరణం ఒకసారి పాడితే ఒక నాణెం పళ్లెంలోకి. పదీ పళ్లెంలో పడ్డాక మళ్లీ బల్ల మీదికి. ఒక్కో భాగం ఇరవై, ముప్పై సార్లు. పిల్లవాడు నిద్రకు తూగితే కొట్టేవాడు కాదట, మెల్లగా తట్టి లేపేవాడట. ఇది చెప్పినప్పుడు పెద్దాయన కళ్లు తడి అయ్యేవి. ఆయన చిన్నప్పుడు తిన్న దెబ్బలు వేరు.

కట్లు కట్టి చిన్నవి చేసిన ఆడవాళ్ల పాదాల నడక కోసం కర్ర పాదాలు కట్టుకుని, పొడవాటి బల్ల మీద పెట్టిన ఇటుకపై నిలబడాలి. ఒక అగరువత్తి కాలేదాకా దిగకూడదు. చలికాలంలో పెరట్లో నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆ మంచు మీద నడక. ఇక ఆ మందపు కళ్ల సంగతి. పదిహేడేళ్ల వయసులో మెయ్ పావురాలు పెంచడం మొదలుపెట్టాడు. సరదాగా మొదలైంది వందకు పైగా జతలయ్యింది. తెల్లవారకముందే లేచి, చివర గుడ్డ కట్టిన పొడవాటి వెదురు గడతో వాటిని ఎగరేసి, ఎక్కడో మబ్బుల దగ్గర తిరుగుతున్న గుంపులో తనవేవో పరాయివేవో పోల్చుకోవాలి. రోజూ అంత ఎత్తుకు చూసి చూసి కళ్లకు చురుకు వచ్చింది. ఆ గడ ఊపి ఊపి భుజాలకు సత్తువ వచ్చింది. తరువాత బరువైన జరీ దుస్తుల్లో గంటల తరబడి చేతులు ఆడించగలిగింది ఆ భుజాలతోనే. పుట్టుకతో వచ్చిన నాజూకుతనం అనుకుని జనం మురిసిపోయిన ఆ చూపు వెనక వెదురు గడ పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్న కుర్రాడు ఉన్నాడు. స్త్రీత్వం అంటే ఒళ్లొంచి నేర్చుకునే పని అని నాకు చెప్పిన మొదటివాడు ఆ కుర్రాడే.

అలంకరణ సంగతి పెద్దాయన తన తల మీదే చూపించారు. కనుబొమలు పైకి సాగేలా నుదుటి చుట్టూ పట్టీ బిగిస్తారు. కొత్తవాళ్లకు కళ్లు తిరిగి వాంతి అవుతుంది. కర్ర చిత్రిక పట్టిన పొట్టును నీళ్లలో నానబెడితే జిగురు వస్తుంది. అందులో తడిపిన జుట్టు పాయల్ని చెంపలకు అతికిస్తే మగవాడి వెడల్పు దవడ కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. "చల్లగా ఉంటుంది, చెంప మీద పాము పాకినట్టు" అన్నారు. అరవై ఏళ్ల కిందటి చల్లదనం. చేత్తో చెంప తడుముకుంటూ చెప్పారు.

ఆయన పదకొండేళ్లకు ఒక గురువు దగ్గర నాన్‌దాన్‌గా చేరారు. పధ్నాలుగేళ్లు దాటేసరికి గొంతు పగిలింది. వాళ్ల పరిభాషలో దాన్ని ధాన్యపు కొట్టు కూలిపోవడం అంటారు. కొందరికి ఏడాది రెండేళ్లలో గొంతు తిరిగి వస్తుంది. ఆయనకు వచ్చేసరికి కాలం మారింది. 1949లో కమ్యూనిస్టు పాలన వచ్చాక కొత్త పాఠశాలల్లో ఆడపాత్రలు ఆడపిల్లలకు నేర్పసాగారు. మగపిల్లలకు ఆపేశారు. ఆయన ఒక ముద్రణాలయంలో అక్షరాలు పేర్చే పనికి కుదిరారు. అక్కడే పదవీ విరమణ.

ఒక ఆడదానిగా నేను ఆ మార్పును తప్పుపట్టలేను. చింగ్ రాజవంశ పాలనలో బీజింగ్ వేదిక మీద స్త్రీకి చోటే లేదు. మగవాళ్ల నడుమ ఈ కళ అంత ఎత్తుకు పెరగడానికి మూలం ఆ నిషేధమే. మెయ్‌తో పాటు నలుగురు మహా 'దాన్'లుగా కొలిచే శాంగ్ శ్యావ్‌యున్, ఛెంగ్ యెన్‌ఛ్యూ, శ్యున్ హ్వేషెంగ్, అందరూ మగవాళ్లే. మా నాయనమ్మ కూడా చాప మీద కూర్చుని చూసిందే తప్ప మెట్లు ఎక్కలేదు. ఇది తెలిసి కూడా, గొంతు తిరిగి వచ్చాక పాడటానికి చోటు లేకుండా పోయిన ఆ కుర్రాడి కోసం నా గుండె పట్టేసేది. రెండు బాధలూ నిజమే. ఒకటి రెండోదాన్ని చెరపలేదు.

2011 శరత్కాలంలో ఒక రోజు పెద్దాయన నన్ను హూగ్వోస వీధిలో ఉన్న మెయ్ ఇంటికి తీసుకెళ్లారు. చివరి పదేళ్లూ మెయ్ ఉన్నది అక్కడే. 1986 నుంచి అది స్మారక భవనం. నలుచదరపు ముంగిలి, అందులో పెర్సిమన్ చెట్లు, ఆపిల్ చెట్లు. చైనీస్‌లో వాటి పేర్లు కలిపి పలికితే పనులన్నీ ప్రశాంతంగా సాగాలి అనే అర్థం ధ్వనిస్తుంది. కొమ్మలకు నారింజ రంగు పండ్లు వేలాడుతున్నాయి. లోపల ఫోటోలు. 1919లో జపాన్, 1930లో అమెరికా, 1935లో సోవియట్ యూనియన్. మాస్కోలో జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ చూసినప్పుడు మెయ్ అలంకరణ లేకుండా, వేదిక దీపాలు లేకుండా, మామూలు సూటులో స్త్రీపాత్ర అభినయించి చూపించాడట. ఆ యూరప్ నాటక పెద్దల గురించి పెద్దాయనకు ఆసక్తి లేదు. ఆ ఫోటోల ముందు రెండు నిమిషాలు కూడా ఆగలేదు. నేరుగా చేతుల ఫోటోల దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మెయ్ చేతి ముద్రలు అవి. ఒక్కో దానికి ఒక్కో పేరు, పువ్వులకు పెట్టినట్టు. పెద్దాయన ఒక్కో ఫోటో ముందు తన చేతిని అలా పెట్టి చూసుకుంటూ కదిలారు. అచ్చు పేర్చి పేర్చి చూపుడువేలి కొస అరిగిపోయి, గోరు కింద ఎప్పటిదో సీసపు మరక. ఆ వేలే కొంచెం వంగి, మిగతావి రేకుల్లా విచ్చుకుంటే, అద్దంలో ఉన్న ఫోటోకీ దానికీ తేడా తెలియలేదు.

తరువాతి ఫోటోలో మెయ్‌కు మీసం ఉంది.

1937లో షాంఘై జపాన్ చేతికి పోయింది. మెయ్ 1938లో హాంకాంగ్ వెళ్లి వేదిక దిగేశాడు. 1941 డిసెంబరులో హాంకాంగ్ కూడా పడిపోయాక మీసం పెంచాడు. స్త్రీపాత్ర వేసేవాడు మీసం పెంచాడంటే వేరే మాట చెప్పనక్కర్లేదు. షాంఘై తిరిగి వచ్చాక పాడమని ఒత్తిడి వస్తే, టైఫాయిడ్ టీకా సూదులు మూడు పొడిపించుకుని, కావాలనే జ్వరం తెచ్చుకున్నాడు. ఇల్లు గడవడానికి బొమ్మలు గీసి అమ్మాడు. పావురాలతో కళ్లకు, ఇటుక మీద కాళ్లకు, నాణేలతో గొంతుకు నలభై ఏళ్లు నేర్పిన విద్యను, మగవాడి మీసం ఒకటి అడ్డుపెట్టి తానే మూసేసుకున్నాడు. వేదికకు దూరంగా మొత్తం ఏడేళ్లకు పైగా. 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయిన వార్త వినగానే మీసం తీసేశాడు. అప్పటికి యాభై ఏళ్లు.

ముంగిట్లో చెక్క బల్ల మీద కూర్చున్నాక పెద్దాయన ఆ పువ్వు సంగతి చెప్పారు.

'తాగిన రాణి' అనే నాటకం ఉంది. యాంగ్ గ్వేఫేయ్ చక్రవర్తి కోసం విందు సిద్ధం చేసుకుని ఎదురు చూస్తుంది. ఆయన వేరే రాణి దగ్గరికి వెళ్లాడని తెలుస్తుంది. ఒంటరిగా తాగుతుంది. తాగుతూ తాగుతూ కాళ్లు మెలివేసి నేల దాకా వాలిపోయే భంగిమ ఒకటి ఉంది. దాని పేరు పడుకున్న చేప. తరాలుగా నటులు దాన్ని చేస్తూనే ఉన్నారు. ఎందుకు వాలుతుందో ఎవరికీ తెలియదు. నడుము నైపుణ్యం చూపించడానికే అనుకున్నారు. హాంకాంగ్‌లో పాట మానేసి ఖాళీగా ఉన్న రోజుల్లో మెయ్ ఇంటి ముందు పచ్చికలో పూలుండేవి. ఒకరోజు వంగి ఒక పువ్వు వాసన చూస్తుంటే, పక్కనున్న స్నేహితుడు, నువ్విప్పుడు పడుకున్న చేప భంగిమలో ఉన్నావు అని నవ్వాడట. అక్కడ వెలిగింది. రాణి వంగేది పువ్వు కోసం. రాని మనిషి కోసం ఎదురు చూసి చూసి, అక్కడున్న పువ్వునైనా దగ్గరికి తీసుకుంటోంది. తిరిగి వేదిక ఎక్కాక ఆ భంగిమకు మెయ్ ఆ అర్థం ఇచ్చాడు. ఇప్పుడు ఆయన బాణీలో ఎవరు చేసినా పువ్వు వాసన చూస్తారు.

"పాడని రోజుల్లో దొరికింది అది" అన్నారు పెద్దాయన. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. మావో కాలపు సాంస్కృతిక విప్లవపు పదేళ్లూ పాత నాటకాలు వేదిక మీద లేవు. రాజులూ రాణులూ పనికిరారన్నారు. ఆ ఏళ్లలో ఏం చేశారని అడిగాను. పేర్చే అక్షరాల్లో 'పువ్వు' అన్న అక్షరం వచ్చినప్పుడల్లా వేళ్లు ఇలా పెట్టి తీసేవాణ్ణి, ఎవరూ గమనించలేదు అన్నారు.

ఆ ఇంట్లోనే నాకు మన ఊసు కూడా దొరికింది. 1924 మే నెలలో టాగోర్ బీజింగ్ వచ్చినప్పుడు ఆయన కోసం మెయ్ 'లో' అనే నది దేవత నాటకం ఆడాడు. టాగోర్ ఒక విసనకర్ర మీద బెంగాలీలో చిన్న కవిత రాసి ఇచ్చాడు. నాకు తెలియని భాష అనే ముసుగులో ఉన్నావు, పొగమంచు చాటున మబ్బులా తోచే కొండలా ఉన్నావు అని దాని భావం. అంతకు ఏడేళ్ల ముందే మెయ్ 'పూలు చల్లే దేవకన్య' ఆడాడు. ఆ కథ వైశాలి నగరానికి చెందిన విమలకీర్తిది. కుమారజీవుడు అయిదో శతాబ్దంలో చైనీస్‌లోకి తెచ్చిన బౌద్ధ సూత్రం. దేవకన్య చల్లిన పూలు బోధిసత్వుల మీద నిలవవు, శిష్యుల మీద మాత్రం అంటుకుపోతాయి. దాని తరువాతి భాగం హైదరాబాద్ వచ్చాక చదివి ఆశ్చర్యపోయాను. నువ్వు స్త్రీ రూపం ఎందుకు మార్చుకోవు అని బుద్ధుడి శిష్యుడు శారిపుత్రుడు ఆ దేవకన్యను అడుగుతాడు. ఆమె అతణ్ణి తన రూపంలోకి మార్చి, తాను అతని రూపం ధరించి, ఇప్పుడు నువ్వెందుకు మార్చుకోవో చెప్పు అంటుంది. ఆ దేవకన్యగా బీజింగ్ వేదిక మీద పొడవాటి పట్టు పట్టీలు ఎగరేస్తూ తిరిగింది ఇరవై మూడేళ్ల మగవాడు. ఈ సంగతి పెద్దాయనతో కలిసి మాట్లాడుకోలేకపోయానని ఇప్పటికీ కొరత.

చివరి చలికాలంలో ఆయన నాకు పాడటం నేర్పాలని చూశారు. 'తాగిన రాణి'లో చంద్రుడు పైకి వచ్చే మొదటి చరణం. నాణేలకు బదులు ఎండు రేగుపండ్ల గింజలు పది, అరుగు మీద వరుసగా పెట్టేవారు. ఒకసారి పాడితే ఒక గింజ ఇటు. చలికి గింజలు జారిపోయేవి. ఆయన ఓపిగ్గా ఏరి మళ్లీ పెట్టేవారు. నా గొంతు ఆ సన్నని స్థాయికి వెళ్లేది కాదు. జింగ్‌హు వాయించేయన శ్రుతి దించేవాడు. కానీ పెద్దాయన ఎక్కువగా నేర్పింది పాట కాదు, వేరేవాళ్లు పాడుతున్నప్పుడు ఎలా నిలబడాలో. దానికీ మెయ్ కథే. ఒక నాటకంలో పద్దెనిమిదేళ్ల తరువాత భర్త తిరిగి వచ్చి తలుపు బయట తమ పెళ్లి కథ పాడతాడు. పాత పద్ధతిలో లోపలున్న భార్య అతను పాడినంతసేపూ వీపు తిప్పి కదలకుండా కూర్చుంటుంది. అది చూసిన ఛీ రూషాన్ అనే పండితుడు కుర్ర మెయ్‌కు పెద్ద ఉత్తరం రాశాడు. పద్దెనిమిదేళ్ల తరువాత ఆ మాటలు వింటున్న మనిషి అలా కూర్చుంటుందా అని. కొద్ది రోజుల తరువాత వెళ్లి చూస్తే మెయ్ ఒక్కో మాటకూ ఒక్కో కదలికతో మార్చేశాడు. అక్కడి నుంచి ఇరవై ఏళ్ల స్నేహం. "విను. వింటున్నట్టు కాదు" అనేవారు పెద్దాయన నాతో.

1959లో, అరవై అయిదో ఏట మెయ్ కొత్త నాటకం వేశాడు. ఎన్నో ఏళ్ల తరువాత మళ్లీ కవచం తొడిగి సేనానిగా బయలుదేరే మూ గ్వేయింగ్ పాత్ర. 1961 మే 31న చివరిసారి ఆడింది కూడా అదే. ఆగస్టు 8న కన్నుమూశాడు. కొడుకు మెయ్ బావ్‌జ్యూ తండ్రి పాత్రలే వేస్తూ ఎనభయ్యేళ్లు దాటేదాకా ఆ బాణీని మోశాడు. మెయ్ పిల్లల్లో ఆడపాత్రలు వేసిన మగవాడు ఆయనొక్కడే.

2016 ఏప్రిల్ 25న బావ్‌జ్యూ కూడా పోయారు. ఆ వార్త తెలిసిన మర్నాడు పొద్దున ఏడింటికి హైదరాబాద్ నుంచి పెద్దాయన ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ తొమ్మిదిన్నర. వాళ్లబ్బాయి ఎత్తాడు. మాటలు వెతుక్కుంటూ, తాతయ్యకు ఎలా ఉంది, ఇంట్లోనే ఉన్నారా అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, కొంచెం ఆశ్చర్యంగా అన్నాడు: "ఈ వేళప్పుడు ఇంట్లో ఎందుకుంటాడమ్మా? ఫ్లాస్కు నింపుకుని వరండాకు వెళ్లాడు."